ఎర్ర జాకెట్టుతో పాడిన గురువారం

మా కొమానీ ఊళ్ళో పదిమంది చేరితే అందులో ముగ్గురు సాక్సోఫోను ఊదేవాళ్ళు, ఇద్దరు ట్రంపెట్టువాళ్ళు ఉంటారు. గొంతు విషయానికొస్తే మాత్రం ఊరంతటికీ నొబంటు ఒక్కతే. ఇరవై ఆరేళ్ళు జాజ్ పాడింది. నాలుగు బ్యాండ్లు మారినా గొంతు మారలేదు. రెండు రికార్డులిచ్చింది. పోర్ట్ ఎలిజబెత్‌లో మూడుసార్లు పాడింది, ఈస్ట్ లండన్‌లో ఎన్నిసార్లో లెక్కే లేదు. జొహానెస్‌బర్గ్‌లో ఆరు నెలలు పాడి, అక్కడి మొక్కజొన్న నూక రుచిగా లేదని తిరిగొచ్చేసింది. ఇవన్నీ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. పంతొమ్మిది వందల యాభై ఆరులో ఒక గురువారం ఆమె చేసిన పొరపాటు సంగతి మాత్రం చూసినవాళ్ళే చెప్పాలి.

నొబంటు తండ్రి బడిపంతులు. గోడకు దో-రే-మీ పటం తగిలించి, బెత్తంతో ఒక్కో స్వరం చూపిస్తూ పిల్లలచేత పాడించేవాడు. మిగతా పిల్లలు బెత్తం వంక చూసేవాళ్ళు, నొబంటు పటం వంక చూసేది. పంతొమ్మిదో ఏట లిజో బ్యాండులో చేరింది. లిజో సాక్సోఫోను దిట్ట. కాగితం మీది సంగీతం అతనికి ఒక్క ముక్క తెలీదు. కొత్త పాట దేన్నైనా నొబంటు దో-రే-మీల్లో పాడి వినిపిస్తే చాలు, బ్యాండు మొత్తం పట్టేసేది.

అయితే ఆమె గుండెలో ఇంకో కోరిక ఉండేది. వాళ్ళమ్మ మెథడిస్టు గుడి ఆడవాళ్ళ ప్రార్థన సంఘంలో చేరి, ఎర్ర జాకెట్టు, తెల్ల టోపీతోనే సమాధికి వెళ్ళింది. తనకూ ఆ జాకెట్టు కావాలని నొబంటు రెండేళ్ళు పరీక్షగా కూటాలకు తిరిగి సంపాదించుకుంది. పుట్టింటి వంశం పేరున సంఘంలో అందరూ ఆమెను మాభెలే అని పిలిచేవాళ్ళు. సంఘం పెద్ద మాతోలో. ఆమె చూపు పడితే ఉడుకుతున్న కుండ కూడా నోరు మూసుకునేది.

ఆ జాకెట్టుకో కట్టుబాటుంది. గుడికి, కూటానికి, చావుకి తప్ప ఇంకెక్కడా తొడగకూడదు. దాన్ని తొడుక్కుని సంతలో ఉల్లిపాయలు కొన్నా తప్పే.

చిక్కంతా గురువారంతో వచ్చింది. తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు సెలవు ఆ ఒక్కపూటే. అందుకే మధ్యాహ్నం ప్రార్థన కూటమూ ఆ రోజే, సాయంత్రం హాల్లో నాట్యమూ ఆ రోజే. నొబంటు సంచిలో నీలం గౌను పెట్టుకుని కూటానికి వెళ్ళేది. అటునుంచి అటే హాలుకు పోయి, వేదిక వెనక బట్టలు మార్చుకునేది. ఏడేళ్ళు అలాగే నడిచింది.

ఆ గురువారం మాతోలో ఓర్పు గురించి గంటన్నర ప్రసంగించింది. నొబంటు కోటు బొత్తాలు పెట్టుకుంటూ హాలుకు పరుగెత్తేసరికి బ్యాండు ఆమె పాట ఎత్తుగడ రెండోసారి వాయిస్తోంది.

"రావమ్మా తల్లీ! మూడోసారి వాయించామంటే జనం మా మీద బెంచీలు విసురుతారు!" అన్నాడు లిజో.

నొబంటు గబగబా వేదికెక్కి కోటు విప్పి కుర్చీ మీద పడేసింది.

హాలంతా గప్‌చుప్‌. ఆమె కిందికి చూసుకుంది. ఎర్ర జాకెట్టు!

"కొంప మునిగింది," అన్నాడు లిజో మెల్లగా.

దిగి వెళ్ళిపోతే జాకెట్టుకు అవమానం. నాట్యం పాట పాడితే అంతకన్నా అవమానం. నొబంటు లిజో వైపు వంగి, మధ్యాహ్నం కూటంలో పాడిన కీర్తన స్వరాలు చెప్పింది. "సో, సో, లా, సో... నెమ్మదిగా. తాగినవాడు నడిచినట్టు కాదు, పెళ్ళికూతురు నడిచినట్టు."

బ్యాండు అందుకుంది. కీర్తన కీర్తనే, కింద నడక మాత్రం జాజ్‌ది. మగవాళ్ళు టోపీలు తీశారు. ఒక్కరూ ఆడలేదు.

కబురు ఆమెకన్నా ముందే ఇల్లు చేరింది. మరుసటి గురువారం సంఘం పంచాయితీ పెట్టింది. మాతోలో నేలదాకా వేలాడే తెల్లగుడ్డ పరిచిన బల్ల వెనక కూర్చుంది. ఆడవాళ్ళు గోడల వెంబడి బారుగా కూర్చున్నారు. లిజోను సాక్షిగా పిలిపించారు.

"ఎవరైనా ఆడారా?"

"లేదమ్మా. అందరూ నిలబడ్డారు. తాగుబోతు జోలా కూడా నిలబడ్డాడు."

"వాడు నిలబడ్డాడా?" ఓ ముసలామె ఆశ్చర్యపోయింది. "వాడి పెళ్ళినాడే నిలబడలేదు కదే!"

కిసుక్కుమన్న నవ్వులు మాతోలో చూపుతో ఆగిపోయాయి. "నాకు పుకార్లు వద్దు. మాభెలే, ఆ రోజు ఎలా పాడావో అలాగే పాడు. ఈ గదిలో ఒక్క పాదం ఆడినా అది నాట్యం పాటే. జాకెట్టు విప్పి ఈ బల్ల మీద పెట్టి వెళ్ళిపో. ఏదీ ఆడకపోతే నీది నీకే."

నెమ్మదిగా పాడి గండం గట్టెక్కవచ్చు. కానీ ఆ రోజు పాడినట్టే పాడమంది కదా. నొబంటు అలాగే పాడింది. ఆడవాళ్ళు మోకాళ్ళు రెండు చేతులా అదిమి పట్టుకున్నారు. ఒకావిడ తన పాదాన్ని రెండో పాదంతో తొక్కిపెట్టింది.

మూడో చరణంలో నొబంటు చూపు బల్ల కిందికి పోయింది. గుడ్డ అంచు కింద నల్లటి బూటు ముక్కు ఒకటి. సరిగ్గా జాజ్ వాళ్ళు తట్టే చోటే, తాళం తప్పకుండా తడుతోంది. పైన మాతోలో ముఖం రాయిలా ఉంది. నొబంటు వెంటనే కళ్ళు మూసేసుకుంది.

పాట అయిపోయింది.

"ఎవరి పాదమైనా ఆడిందా?" అంది మాతోలో.

గోడల వెంబడి ఆడవాళ్ళు తలలు అడ్డంగా ఊపారు.

"నువ్వు నిలబడి ఉన్నావు, నీకు అంతా కనిపించి ఉండాలి. ఏం చూశావు మాభెలే?"

"కీర్తన పాడేటప్పుడు కళ్ళు మూసుకోమని నేర్పింది నువ్వే కదమ్మా!"

మాతోలో ఒకసారి దగ్గింది. "కాలరు సర్దుకో, వంకరగా ఉంది. ఇకమీదట కోటు కింద ఏముందో చూసుకుని వేదికెక్కు."

ఆ తర్వాత నొబంటు మరో పంతొమ్మిదేళ్ళు పాడింది. రికార్డులూ, జొహానెస్‌బర్గూ అన్నీ ఆ తర్వాతవే. మాతోలో ప్రసంగాలు మాత్రం అక్కణ్ణుంచి కురచవయ్యాయి. గురువారం నాలుగు కాగానే పుస్తకం మూసేసి అనేది:

"ఇవాళ్టికి చాలు. మాభెలేకి బట్టలు మార్చుకునే టైముండాలి."