తొమ్మిది వేల మూడు వందల డెబ్బై మీద ఎవరూ లేరు

దెయ్యాలు, ఆత్మలు అంటూ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. మా వీధిలో ఒకావిడకి పూనకం వచ్చిందంటే థర్మామీటరు పట్టుకుపోయినవాణ్ణి. ఇప్పటికీ నాకు ఆ నమ్మకాలేవీ లేవు. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే నా జీవితంలో నేను కావాలని కల్పించిన అబద్ధం ఒకటే ఉంది, ఆ అబద్ధాన్ని ఒకాయన నిజంగా విన్నాడు.

ఎనభైల చివర్లో నేను నరసరావుపేటలో ఒక పత్తి మిల్లు ఆఫీసులో పనిచేసేవాణ్ణి. మా షావుకారు కంప్యూటర్ కొన్నాడు. దానికో గది, గదికి ఏసీ, తలుపు మీద చెప్పులు బయట విడవాలని బోర్డు. ప్రతి శుక్రవారం మానిటర్‌కి బొట్టు పెట్టించేవాడు. గుంటూరు వెళ్ళి మూడు నెలలు నేర్చుకొచ్చిన నేనే ఆ గుడికి పూజారిని. నేను తప్ప దాన్ని ముట్టుకునే ధైర్యం మిల్లులో ఎవరికీ లేదు.

నాకున్న పిచ్చి ఒకటే, షార్ట్‌వేవ్ రేడియో. దూరదేశాల స్టేషన్లు పట్టుకోవడం, ఏ ఫ్రీక్వెన్సీలో, ఏ టైముకి, ఎంత స్పష్టంగా వినపడిందో రాసి వాళ్ళకి పంపడం. మనం విన్నది నిజమని తేలితే ఆ స్టేషన్ వాళ్ళు ఒక కార్డు పంపుతారు. ఆ కార్డు కోసం ప్రాణం పెట్టేవాళ్ళం. పల్నాడులో ఈ పిచ్చి ఉన్నవాళ్ళం పాతికమందిమి కలిసి ఒక శ్రోతల క్లబ్బు పెట్టుకున్నాం. ఈపూరులో ఎరువుల కొట్టాయన, ఎడ్లపాడులో లెక్కల మాస్టారు, కాలేజీ కుర్రాళ్ళు కొందరు.

అందరి రిపోర్టులూ నాకు వచ్చేవి. వాటిని డేటాబేస్ ప్రోగ్రాంలోకి ఎక్కించి, ఫ్రీక్వెన్సీల వరసలో ప్రింటు తీసి, కాపీలు చేయించి నెలకోసారి పోస్టులో వేసేవాణ్ణి. అంతకుముందు ఇదంతా నోటుపుస్తకంలో చేసేవాణ్ణి, కొత్త స్టేషన్ ఒకటి మధ్యలో ఇరికించాలంటే పేజీ నిండా కొట్టివేతలే. ఇప్పుడు ఒక్క కమాండ్ కొడితే వందల స్టేషన్లు వరసగా నిలబడేవి. నాకు కొవ్వెక్కింది. ఈ మాట ఇంకొకరు అనకముందే నేనే అనుకుంటే మంచిది.

కొందరు సభ్యులు రేడియో వినకుండా నా లిస్టు చూసి రిపోర్టులు రాసేస్తున్నారని నాకు అనుమానం వచ్చింది. వాళ్ళని పట్టుకోవాలని లిస్టులో ఒక దొంగ స్టేషన్ పెట్టాను. తొమ్మిది వేల మూడు వందల డెబ్బై కిలోహెర్ట్జ్. అక్కడ ఏమీ లేదని నెల రోజులు చెవి పెట్టి విని మరీ ఎంచుకున్నాను. ఏదో సముద్రపు దీవి పేరు కల్పించాను. భాష, స్థానికం. టైము, మనకి ఉదయం ఆరుంబావు.

నా ఫైలులో ఒక్కో స్టేషన్‌కి ఆరు గడులుండేవి. ఆరోది వివరాల గడి. ప్రింటర్ కాగితం వెడల్పు చాలక ఆ ఆరో గడి ఎప్పుడూ అచ్చులోకి వచ్చేది కాదు. తెర మీద నేను చూసుకోవడానికే. దొంగ స్టేషన్‌కి కూడా ఆ గడి ఖాళీగా ఉంచడం ఇష్టం లేక చేతికి వచ్చింది కొట్టాను: గ్లాసు మీద చెంచాతో మూడు దెబ్బలు, ఆగి, రెండు. తర్వాత ఆడపిల్ల గొంతు.

అది మా చెల్లెలు విజ్జిది. నాకు పదిహేనేళ్ళప్పుడు, తొమ్మిదేళ్ళ పిల్ల, పచ్చకామెర్లతో పోయింది. నన్ను ట్యూషన్‌కి లేపడానికి పొద్దున్నే మంచం దగ్గర నిలబడి స్టీలు గ్లాసు మీద అలా వాయించి, రేడియోలో వార్తలు చదివే ఆవిడలా గొంతు పెట్టేది. ఆఖరిరోజు ఆస్పత్రిలో నా కోసం రెండుసార్లు అడిగిందట, అన్నయ్యకో మాట చెప్పాలి, పిలవమని. అమ్మతో చెప్పమంటే చెప్పలేదట. నేను ఎదురుగా టీ కొట్లో క్రికెట్ కామెంటరీ వింటున్నాను. కబురు వచ్చినా ఓవర్ అయ్యాక వెళదామనుకున్నాను. వెళ్ళేసరికి అయిపోయింది. ఆ మాట ఏమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ గ్లాసు సంగతి తెలిసిన అమ్మానాన్న కూడా అప్పటికే పోయారు. నా భార్యకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

లిస్టు పోస్టు చేసిన రెండు వారాలకి ముగ్గురు దొరికారు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు. మూడో ఆయన మాచర్ల మస్తాన్ గారు.

మస్తాన్ గారిది బస్టాండు దగ్గర మోటార్ వైండింగ్ షాపు. యాభై దాటిన మనిషి. కాలిపోయిన మోటార్లు విప్పి కొత్త రాగితీగ చుట్టడం ఆయన పని. ఆ తీగతోనే డాబా మీద ఏరియల్ కట్టుకున్నాడు. మాలో అందరికంటే మంచి చెవి ఆయనదే, అది నాకు కిట్టేది కాదు. ఆయన పంపిన పోస్టుకార్డులో రాత పొట్టిగా ఉంది. ఫ్రీక్వెన్సీ, టైము, సిగ్నల్ బలం రాసి, కింద ఇలా రాశాడు: "భాష తెలుగే బాబూ. లిస్టులో తప్పు పడింది, సరిచేయండి. మిగతాది మనిషిని కలిసి చెబుతాను."

సముద్రపు దీవిలో తెలుగు! నేను ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చుని పడీపడీ నవ్వాను.

ఆ ఆదివారం మీటింగు మిల్లులోనే పెట్టాను, కంప్యూటర్ గదిలో. అందరూ చెప్పులు బయట వదిలి వచ్చి నా చుట్టూ నిలబడ్డారు. దొంగ స్టేషన్ సంగతి బయటపెట్టి మూడు కార్డులూ చదివాను. కుర్రాళ్ళిద్దరూ తలలు గోక్కుని నవ్వేశారు. మస్తాన్ గారి కార్డు చదివినప్పుడు గదంతా గొల్లున నవ్వింది. ఎడ్లపాడు మాస్టారైతే కళ్ళు తుడుచుకున్నాడు.

ఆయన ఒక్కడే నవ్వలేదు. "నేనిన్నాను బాబూ. పదకొండు రోజులు ఇన్నాను. అబద్ధమాడాల్సిన కర్మ నాకేంది?" అన్నాడు.

లేని స్టేషన్ ఎలా విన్నారని అడిగాను. ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "మీతో ఒక్క మాట చెప్పాల. కాస్త బయటికి రాండి" అన్నాడు.

"ఏదైనా అందరి ముందే చెప్పండి" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. "అందరి ముందు చెప్పే మాట కాదది బాబూ."

"అయితే చెప్పొద్దు" అన్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. సభ్యుల ఫైలు తెరిచి ఆయన పేరు తెర మీదకి తెచ్చి, ఆయన్నే చూడమన్నాను. డిలీట్ కొడితే పేరు పక్కన నక్షత్రం గుర్తు మాత్రమే పడుతుంది, కావాలంటే మళ్ళీ వెనక్కి తెచ్చుకోవచ్చు. ప్యాక్ అని కొడితే ఇక రాదు. అదంతా అందరికీ పాఠంలా వివరించి, రెండూ కొట్టాను. ఫ్లాపీ కాసేపు గరగరలాడింది. ఆయన ఉత్త కాళ్ళతో ఆ చల్లటి గచ్చు మీద నిలబడి తెర వంకే చూశాడు. తర్వాత చెప్పులు వేసుకుని మాచర్ల బస్సుకి వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళిద్దరి పేర్లూ నేను తీయలేదు. వాళ్ళు తప్పు ఒప్పుకున్నారు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మరుసటి నెల లిస్టు అడుగున ఒక గడి గీసి అందులో ఆయన పేరు, ఊరు వేసి, లేని స్టేషన్ విన్న శ్రోత అని అచ్చు కొట్టాను. ఆ కాపీ ఒకటి మాచర్లలో ఎవరో ఆయన షాపు పక్క టీ బంకులో అతికించారని తర్వాత తెలిసింది. నేను చేయించింది కాదు గానీ, తెలిసినప్పుడు బాధ కూడా పడలేదు.

ఏడాది తిరగకముందే ఆయన గుండెనొప్పితో పోయాడు. ఆ సంగతి నాకు ఆయన కూతురు వచ్చి చెప్పేదాకా తెలియదు.

ఒక మధ్యాహ్నం మిల్లు నడుస్తుండగా వచ్చింది. షమీమ్, మాచర్లలో ప్రైవేటు స్కూల్లో టీచరు. చెప్పులు విడిచి లోపలికి వచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు.

"మా నాన్న అబద్ధమాడలేదని మీరు కాయితం మీద రాసియ్యాల. అంతే. మీరు ఆ లిస్టు పంపినాక షాపుకి వచ్చినోడల్లా చెవి దగ్గర చెయ్యి పెట్టి ఏంది మస్తానూ, దీవిలో కబుర్లేంది అనేవాడు. ఆ ఏరియల్ ఆయనే విప్పి ఎవరిదో మోటారుకి చుట్టేశాడు. మళ్ళా రేడియో ముట్టలా" అంది.

ఆ స్టేషన్ నేనే కల్పించాను అమ్మా, ఎలా రాసిస్తాను అన్నాను. ఆమె సంచిలోంచి వంద పేజీల నోటుపుస్తకం తీసి నా కీబోర్డు మీద పెట్టింది.

మస్తాన్ గారు విన్న ప్రతిదీ రాసుకునేవాడు. పేజీ తిప్పాను. తొమ్మిది వేల మూడు వందల డెబ్బై, ఆరుంబావు. "స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టిన చప్పుడు. మూడు, ఆగి, రెండు. పాప గొంతు, ఎనిమిది తొమ్మిదేళ్ళు ఉంటాయి. ఇప్పుడు టైము, అన్నయ్య లేచే టైము అంటది. అంతే, మళ్ళా చప్పుడు."

ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి చదివాను.

తర్వాతి పది రోజులూ అదే. రోజూ రాశాడు, సిగ్నల్ బలంతో సహా. పదకొండో రోజు, మీటింగుకి మూడు రోజుల ముందు, ఇలా ఉంది: "ఈ రోజు సిగ్నల్ చానా బాగుంది. పాప నాతోనే మాట్లాడినట్టు మాట్లాడింది. ఈ లిస్టు కొట్టే అన్నయ్యకి చెప్పమని ఒక మాట చెప్పింది. కార్డు మీద రాసే మాట కాదు. ఆదివారం పోయి ఆయన ఒక్కడికే చెప్పాల."

ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

ఏం చెప్పిందని అడిగాను. మీతో ఏమైనా అన్నారా, అమ్మతోనైనా అన్నారా అని అడిగాను. నేను ఏడవడం షావుకారు గది అద్దాల కిటికీలోంచి చూస్తున్నా పట్టించుకోలేదు.

"నేనూ అడిగినా. ఆస్పత్రిలో గూడా అడిగినా. అది పరాయోళ్ళు నమ్మి అప్పజెప్పిన అమానతు అమ్మా, ఆయన ఇనలేదు, ఇంకెవరికీ ఇచ్చేది కాదు అన్నాడు" అంది షమీమ్. ఆమె నా ఏడుపు చూసి కరగలేదు. కరగాల్సిన అవసరం ఆమెకి లేదు. "మూడు గంటలు బస్సులో మీ కోసం మోసుకొచ్చాడు ఆ మాట. ఇప్పుడు రాయండి" అని కాగితం ముందుకు తోసింది.

రాసిచ్చాను. మరుసటి నెల లిస్టులో కూడా వేశాను: తొమ్మిది వేల మూడు వందల డెబ్బై మీద స్టేషన్ ఉంది, భాష తెలుగు, విన్నవారు మస్తాన్ గారు, మాచర్ల. ఎడ్లపాడు మాస్టారు నాకు మతి చలించిందని ఉత్తరాలు రాశాడు. రెండు నెలల్లో క్లబ్బు ఆగిపోయింది.

బుద్ధి ఉన్నవాడిలా అన్ని దారులూ వెతికాను. ఇంటింటికీ పంపిన కాపీలు తెప్పించుకుని చూశాను, ఆరో గడి ఒక్కదానిలోనూ అచ్చు కాలేదు. క్లబ్బు ఫైలు ఉన్న ఫ్లాపీ నా సొరుగులోనే ఉండేది, తాళంచెవి నా మొలతాడుకి. మస్తాన్ గారు ఆ గదిలో అడుగుపెట్టింది ఆ ఒక్క ఆదివారమే, అప్పటికి నోటుపుస్తకంలో రాయడం అయిపోయింది. షమీమ్ తర్వాత రాసి తెచ్చిందా అని కూడా అనుమానించాను, నేను అంతటివాణ్ణి. కానీ గ్లాసు స్టీలుదని, అన్నయ్య లేచే టైము అన్న మాట, ఆ రెండూ నేను కంప్యూటర్‌లో కూడా కొట్టలేదు. అవి నా తలలో తప్ప ఈ భూమ్మీద ఎక్కడా లేవు.

అప్పటినుంచి రోజూ ఉదయం ఆరుంబావుకి ఆ ఫ్రీక్వెన్సీ పెట్టి కూర్చుంటున్నాను. మూడు రేడియోలు మార్చాను. మాచర్ల వెళ్ళి షమీమ్ కాళ్ళావేళ్ళా పడి వాళ్ళ డాబా మీద కూడా ఒక వారం విన్నాను. వట్టి గుర్రుమనే శబ్దం. తొమ్మిది వేల మూడు వందల డెబ్బై మీద ఎవరూ లేరు.

ఇదెలా జరిగిందో నాకు తెలియదు. తెలిసినట్టు నటించను. నాకు తెలిసింది ఒక్కటే. మా విజ్జి నాతో చెప్పాలనుకున్న మాట రెండోసారి నా దగ్గరికి వచ్చింది. ఆ మాట తెలిసిన మనిషి నా ఎదురుగా, చెప్పుల్లేకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెప్పొద్దు అన్నాను.

ఆయన చెప్పలేదు.