ఓబుళక్క పరీక్ష

మేడ మీద ఆరేసిన తడి దుప్పట్లు గాలికి ఫట్‌ఫట్‌మని కొట్టుకుంటుంటే నాకు ఓబుళక్క గుర్తొస్తుంది. తాడిపత్రి శివార్లలో, మంచం పట్టిన మనుషులను చూసుకునే ఆశ్రమం ఒకటి ఉండేది. తొంభైల చివర్లో, ఇంటర్ ఒకసారి తప్పి రెండోసారి గట్టెక్కిన నేను, చిలమత్తూరు నుంచి అక్కడికి ఏడాది శిక్షణకు వెళ్లాను. ఆమెను మొదటిసారి చూసింది దుప్పట్ల దండెం దగ్గరే. పొట్టి మనిషి, నడుముకు బిగించిన కొంగు, పెద్ద గొంతు. ఉద్యోగం పేరుకు ఆయా. కానీ శిక్షణకు వచ్చిన ప్రతి పిల్లా ఆమె చేతికిందే పని నేర్చుకునేది.

మొదటి రోజే నన్ను ఖాళీ మంచం మీద పడుకోమంది. "కాలూ చెయ్యీ కదిలించాకు. మాట్లాడాకు. నేనొచ్చేదాకా అట్లనే ఉండు" అని చెప్పి వెళ్లిపోయింది. ఇదేం చదువు అనుకున్నాను. కాసేపటికి ముక్కు మీద ఈగ వాలింది. అక్కడి నుంచి పెదవి మీదికి నడిచింది. పక్క మంచంలో సంజీవప్ప తాత ఇదంతా చూస్తున్నాడు. బండలు కోసే చోట పనిచేస్తుండగా బండ జారి మీద పడి, నడుము కింద చచ్చుబడిన మనిషి ఆయన. "ఏం పాపా, ఈగ పెద్దదా, సిన్నదా?" అన్నాడు. నవ్వాగక చెయ్యెత్తి దాన్ని తోలేశాను. సరిగ్గా అప్పుడే ఓబుళక్క వచ్చింది.

"ఎంతసేపున్నావు?"

"అరగంట ఉంటుందక్కా."

"పది నిమిషాలు గూడా కాలేదు. మూల మంచంలో అవ్వకు చెయ్యీ లేయదు, మాటా రాదు. మూడేండ్లుగా అట్లనే ఉండాది. పొద్దున్నే వస్తూనే ముందు ఆయమ్మ ముఖం సూడు. ఆ తర్వాత బకెట్టు పట్టుకో."

ఆమె పాఠాలన్నీ అలాంటివే. ఒక రోజు తొందరలో, మాటైనా చెప్పకుండా సంజీవప్ప తాత దుప్పటి లాగేశాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. సంగటి ముట్టలేదు. ఓబుళక్క నన్ను తిట్టలేదు. "పోయి తప్పైందని చెప్పు. ఆయప్ప తినేదాకా నువ్వూ తినాకు" అంది. మధ్యాహ్నం దాకా ఆయన మంచం పక్కనే కూర్చున్నాను. చివరికి నా ముఖం చూసి ఆయనకే జాలేసింది. "పెట్టు పాపా. నువ్వు ఈడ సొమ్మసిల్లితే నిన్ను ఎత్తేదానికి నాకు కాళ్లు లేవు" అన్నాడు.

శిక్షణ ముగిశాక నాకు అక్కడే ఉద్యోగం దొరికింది. అయిదారేళ్లు గడిచాయి. అప్పుడు హైదరాబాదు నుంచి ముగ్గురు అధికారులు వచ్చారు. ఇలాంటి చోట్ల ఏం నేర్పుతున్నారు, ఎవరు నేర్పుతున్నారు, ఇచ్చే సర్టిఫికెట్టుకు విలువ ఉందా అని సమీక్షించడం వాళ్ల పని. నేర్పేవాళ్లు పదో తరగతి పాసై ఉండాలట. ఓబుళక్క బడి గుమ్మం ఎక్కలేదు. ఆశ్రమం మేనేజరు నన్ను పిలిచి, శిక్షకురాలిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టకపోతే గుర్తింపు పోతుందని, పిల్లల సర్టిఫికెట్లు చెల్లవని చెప్పాడు. పెట్టాను.

పోయి ఆ మాట ఓబుళక్కకు చెప్పాను. ఆమె నవ్వేసింది. "దానికేముందిలే. కాగితం మీద నువ్వుండు. మంచాల కాడ నేనుంటా."

"అది కాదక్కా. ఇకమీదట నిన్ను బట్టలుతికే పనికే ఉండమన్నాడు."

ఆమె నవ్వు ఆగిపోయింది. "మంచాల కాడికి పోగూడదా?" అంది. ఆ పెద్ద గొంతు అంత సన్నగా పలకడం నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు అధికారుల ముందు, వార్డు హాల్లో మంచం మీద రబ్బరు బొమ్మను పడుకోబెట్టారు. మంచం పట్టిన మనిషిని తిప్పినట్టు దాన్ని తిప్పి చూపించాల్సింది నేను. బొమ్మ మీద చెయ్యి వేశాను కానీ, ముందుకు సాగలేదు. "సార్, నేను పెట్టిన సంతకం తప్పు. మాకందరికీ పని నేర్పింది ఓబుళక్క" అన్నాను. మేనేజరు ముఖం మాడిపోయింది. ముగ్గురిలో పెద్దాయన, భారీ మనిషి, కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "అయితే ఆమెనే పిలవండి" అన్నాడు.

ఓబుళక్క తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, బొమ్మను ఎగాదిగా చూసింది. "దీంతో కాదు సార్."

"ఏం?"

"బొమ్మకు సిగ్గుండదు సార్. సిగ్గున్న మనిషికి చేసేదే మా పని."

 పెద్దాయన బొమ్మను పక్కన పెట్టించి, బూట్లు విప్పి, తానే మంచమెక్కాడు. ఓబుళక్క ఏమాత్రం జంకలేదు. "సార్, దుప్పటి కప్పుతాండా. ఇప్పుడు భుజం పట్టుకుంటాండా. గోడ పక్కకి తిప్పుతాండా, భయపడాకండి." అంత మనిషీ మెత్తగా అటు తిరిగాడు. ఆమె ఆయన మోకాళ్ల నడుమ దిండు సర్దింది. ఆయన కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయాడు. హాలు చివరి మంచం నుంచి సంజీవప్ప తాత కేకేశాడు. "ఏమప్పా సారూ, ఈడే ఉండిపోతావా ఏంది? మంచాలు మాకే సాలడం ల్యా!"

అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ పెద్దాయనే. లేచి కూర్చుని, "నీకు ఎన్ని మార్కులు వేయమంటావమ్మా?" అన్నాడు.

"నన్నడిగితే ఏం లాభం సార్? మంచంలో ఉండేవాళ్లను అడగండి."

ఆయన నోటు పుస్తకం పట్టుకుని నిజంగానే మంచం మంచానికీ వెళ్లి అడిగాడు. ఏళ్ల తరబడి పని చేసినవాళ్లకు చదువు లేకపోయినా, మంచం దగ్గరే పరీక్ష పెట్టి సర్టిఫికెట్టు ఇవ్వచ్చని అధికారులు రాసుకెళ్లారు. మేనేజరు నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు కానీ, ఓబుళక్కను మంచాల దగ్గరి నుంచి కదిలించలేదు. మరుసటి ఏడు ఓబుళక్క పరీక్షకు కూర్చుంది. మిగతా అన్నింట్లోనూ పాసై, రికార్డు రాయడంలో మాత్రం సున్నా తెచ్చుకుంది. ఆ మార్కుల కాగితం వార్డంతా తిప్పి చూపించింది. "నేను ఒకదాంట్లోనే తప్పినా. ఈ పాప ఇంటర్లో మూడింట్లో తప్పింది!"

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు పరీక్షలు పెట్టేది నేను. నాకిచ్చే కాగితంలో గళ్లు చాలా ఉంటాయి. వాటిని నింపేముందు మంచంలో ఉన్న మనిషి పక్కన కూర్చుంటాను. మొన్న బత్తలపల్లిలో, పరీక్షకు వచ్చిన పిల్లను చూపించి, మంచంలో ఉన్న ఒక అవ్వను అడిగాను, "ఈ పాపకు ఎన్ని మార్కులు వేయల్లవ్వా?" అని.

అవ్వ ఆ పిల్ల చెయ్యి వదలకుండానే అంది. "మార్కులు నాకేం తెలుసు తల్లీ. రేపు గూడా ఈ పాపనే పంపీ."

ఆ మాటను ఉన్నదున్నట్టుగా కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టాను.