ఏడు మొక్కల గుట్ట

ఎనభైల మొదట్లో అనంతపురంలోని ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ని. నాతోపాటు పాఠాలు చెప్పే శేషాద్రి ఒకరోజు స్టాఫ్ రూమ్ గోడకు ఒక బొమ్మ అంటించాడు. బెత్తెడు మొక్క, నల్లటి ఊదారంగు పువ్వు, కింద ‘కుందుర్పి దగ్గర’ అన్న రెండు మాటలు. అంతరించిపోతున్న పువ్వును కనిపెట్టాడని అందరూ మెచ్చుకుంటుంటే నా కడుపు మండిపోయింది. పదేళ్లుగా గుట్టలెక్కింది నేను, పువ్వు కనబడింది అతనికి! బొమ్మ ఎవడైనా గీస్తాడు, దుంపగడ్డతో సహా మొక్కనే తెచ్చి పక్కన పెట్టాలనుకున్నాను. ఆ ఆదివారమే ఎవరికీ చెప్పకుండా బయలుదేరాను.

ఆరు గంటల బస్సుకు కళ్యాణదుర్గం, అక్కడ మారి కుందుర్పి. రెండు టిక్కెట్లూ కలిపి పది రూపాయల లోపే. దిగేసరికి పది దాటింది. తొలి వాన పడి వారమైంది, చేలల్లో వేరుశనగ విత్తుతున్నారు. టీ కొట్టతన్ని బొమ్మలు గీసే సారు గురించి అడిగాను.

“ఎండలో తిరిగే ఆ సారా? గొర్రెల మారెక్కనడుగప్పా, ఆయప్పకు గుట్ట చూపించింది ఆమే.”

గంట నడిస్తే మారెక్క కనిపించింది. శేషాద్రి స్నేహితుణ్ననగానే నమ్మేసి రాళ్ల మధ్యకు తీసుకుపోయింది. అక్కడ కంప అడ్డం వేసి ఉంది, లోపల ఏడే మొక్కలు. పువ్వు దగ్గర కుళ్లిన మాంసం వాసన, చుట్టూ ఈగలు. అయినా ఎంత అందంగా ఉందో!

“అవతల గుట్టను రాళ్లకని పగలగొడతాండారు. ఈడ గొర్రెలు మేస్తాయి, ఆకలైతే మేమూ గడ్డ తవ్వుకుంటాము. మీ సారే ఈ కంప ఏసి, గొర్రెల్ని రానియ్యద్దక్కా అన్యాడు.”

కంప వేసిన పేరు కూడా అతనికే! ఆమె గొర్రెల్ని మళ్లించడానికి అటు పోగానే చాకు తీసి తవ్వాను. గడ్డ చేతికొచ్చింది, కాడ విరిగింది.

తిరిగొచ్చిన మారెక్క తిట్టలేదు. గడ్డను నా చేతిలోంచి లాక్కుంది.

“మేము తిన్యా సగం ఇరిసి మళ్లా పూడుస్తాము. నువ్వు చదువుకున్నోనివి కదప్పా?”

గడ్డను గుంతలో పెట్టి మన్ను కప్పింది. బతుకుతుందా అని అడిగాను.

“బతికినా సచ్చినా నీకెట్ల తెలుస్తాది? నువ్వు మళ్లా రావు కదా.”

ఉత్త చేతులతో మూడు గంటల బస్సెక్కాను. మర్నాడు కాలేజీలో శేషాద్రి నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పాడు: “వచ్చే ఆదివారం నాతో కుందుర్పికి రా. ఏడు మొక్కలున్నాయి. ఆ చోటు నీకు తప్ప ఎవరికీ చూపించను.”

సరేనన్నాను, నిజం చెప్పలేకపోయాను. అప్పటిదాకా అతని పువ్వు మీద ఏడ్చాను, ఆ క్షణం నుంచి అతని మనసు మీద ఏడుస్తున్నాను. మీరు వెళ్లాలనుకుంటే తొలి వాన పడిన వారానికి వెళ్లండి, నీళ్లు వెంట ఉంచుకోండి, తవ్వే వస్తువేదీ పట్టుకెళ్లకండి. కుందుర్పి దాకా దారి చెప్పాను. ఆపైన ఏ గుట్టో మాత్రం చెప్పను, అక్కడికి నాలాంటివాడు ఒకడు వెళ్లిందే చాలు.