మెట్ల మీద ఒక జత చెప్పులు

తుపాను నిజాంపట్నం వైపు వస్తోందని పదకొండింటికే పిల్లల్ని ఇళ్ళకు పంపేశాం. రేపల్లెలో తెనాలి బండి అందుకోవాలని నా తొందర నాది. ఆయా రాహేలు మాత్రం గేటు తాళం చేత్తో పట్టుకుని వరండా మెట్ల దగ్గరే నిలబడిపోయింది. అక్కడ ఒక జత చెప్పులు మిగిలాయి. నీలం రంగువి, కొత్తవి.

"ఎవరో మర్చిపోయుంటారు రాహేలమ్మా, తాళం వెయ్యి" అన్నాను విసుగ్గా.

"వెయ్యనండి వసుంధర టీచరుగారూ. చెప్పులుండగా గేటు మూయకూడదండి."

మా కాన్వెంటు హైస్కూల్లో పిల్లలు మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికొస్తారు. చివరి జత కదిలాకే గేటుకు తాళం. లెక్కలు చెప్పే నాకు ఇదంతా చాదస్తంగానే కనిపించేది. దాని వెనక కథ ఆ రోజే, గదులు వెతుకుతూ రాహేలు చెప్పింది.

డెబ్బై ఏడు తుపానులో ఈ బడే ఊరికి దిక్కయింది. ఏ కులం, ఏ మతం అని అడక్కుండా సిస్టర్లు తలుపులు తీశారు. ఆరేళ్ళ రాహేలు, తొమ్మిదేళ్ళ అన్న లోపల చేరారు. సిస్టర్లిచ్చిన కొత్త చెప్పులు బురదలో పాడవుతాయని మెట్ల మీదే వదిలి, అన్న కోడిపెట్టను తేవడానికి ఇంటికి పరిగెత్తాడు. చెప్పులున్నాయి గనక లోపలే ఉన్నాడనుకున్నారు అందరూ. వాడు మళ్ళీ రాలేదు. పెద్ద సిస్టరు ఈ నియమం అప్పుడే పెట్టింది. రాహేలు పెద్దయ్యాక ఇక్కడే ఆయాగా చేరింది. ముప్పై ఏళ్ళలో ఒక్క సాయంత్రం కూడా ఆ మెట్లు చూడకుండా ఇంటికి వెళ్ళలేదు.

బల్లల కింద, బాత్రూముల్లో, ప్రార్థన గదిలో చూశాం. ఎవరూ లేరు.

"ఇవి ఆరో తరగతి శ్రావ్యవండి. నిన్ననే నాకు చూపించి మురిసిపోయింది" అంది రాహేలు. గేటు తెరిచే వదిలి బయటికి నడిచింది. నేనూ వెంట పరిగెత్తాను.

శ్రావ్య ఇల్లు కాలవ అవతల జాలర్ల పల్లెలో. గట్టు మీద గాలి మమ్మల్ని నిలవనివ్వలేదు. తాటాకులు విరిగి మీదికొస్తున్నాయి. కాలవలో ఏ గుడ్డముక్క తేలినా యూనిఫామేమోనని ఆగి వంగి చూశాను. మొక్కని దేవుడు లేడు. తెనాలి బండి సంగతి గుర్తే లేదు.

శ్రావ్య వాళ్ళ గుమ్మంలో కూర్చుని మరమరాలు తింటోంది. రాహేలు కొట్టడానికే చెయ్యెత్తింది. ఆ చెయ్యి పిల్ల తల మీద ఆగిపోయింది.

"చెప్పులేవే?"

"కొత్తయి కదా ఆయమ్మా, బురదలో పాడైపోతాయని... నువ్వు చూసుకుంటావుగా అని అక్కడ పెట్టొచ్చా."

రాహేలు ఆ బురదలోనే కూలబడి భోరుమంది. నలభై ఆరేళ్ళుగా దాచుకున్న ఏడుపది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, "పదండి, అందరూ బడికి పదండి" అని ఇల్లిల్లూ తట్టింది.

సాయంత్రానికి పల్లె పల్లెంతా మా తరగతి గదుల్లో ఉంది. మెట్ల మీద చెప్పులు గుట్టపడ్డాయి. గాలికి పెంకులు లేచిపోతుంటే నేను కళ్ళు మూసుకుని రాహేలు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని, ఒక్క పిల్లను కూడా గడప దాటనివ్వకుండా కూర్చుంది ఆమె.

తుపాను వెలిశాక ప్రతి జతకీ కాళ్ళు దొరికాయి.