ప్రార్థన మనవులూ పాత బ్రౌజరూ

మా అమ్మాయి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ తడబడతాను. కంపెనీలవాళ్లు తామే పిలిచి, మా కంప్యూటర్లలోకి దొంగ ఎలా దూరతాడో నువ్వే దూరి చూపించు అంటారట. ముందు కాగితం మీద వాళ్ల చేత సంతకం పెట్టించుకుని, ఆ తర్వాతే ఇది తన పనిముట్లు తీస్తుంది. పనిముట్లంటే సుత్తీ గునపమూ కావు, అవీ ప్రోగ్రాములే. "సంతకం ఉంటే ఉద్యోగమమ్మా, లేకపోతే దొంగతనం" అంటుంది.

భవానీపురంలో మా చర్చి స్త్రీల కూడికకు వచ్చేవాళ్ల ప్రార్థన మనవులు తీసుకునే పని నాది. మొగుడితో చెప్పుకోలేనిది కూడా నా చెవిన వేసి వెళతారు. ఎన్నో ఏళ్లు అవన్నీ తలలోనే మోశాను. ఒకరోజు పాస్టరమ్మగారు, "మీకేమన్నా అయితే ఇవన్నీ ఎవరికి తెలుస్తాయండీ? ఎక్కడన్నా రాసిపెట్టండి" అన్నారు. నా చదువు ఐదో తరగతి. రాయడం నావల్ల కాదంటే, మా అమ్మాయి తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, బ్రౌజర్‌లో ఒక పేజీ తెరిచి పెట్టింది. నేను మాట్లాడితే అదే అక్షరాలు వేసుకునేది.

దానిలో మూలన అప్‌డేట్ చేయమని ఒక గడి వచ్చేది. ఒకసారి నొక్కితే తెరిచినవన్నీ మూసుకుపోయాయి. మనవులన్నీ పోయాయనుకుని ఆ పూట అన్నం దిగలేదు. మా అమ్మాయి మళ్లీ తెరిచి చూపించింది గానీ, ఆ భయం పోలేదు. అది మొదలు ఆ గడి వచ్చినప్పుడల్లా 'తర్వాత' అన్నదే నొక్కుతూ వచ్చాను. ఏడాది దాటింది.

మొన్న ఒక శనివారం పొద్దున్న, పప్పు ఉడుకుతోంది. మా అమ్మాయి ఆ ల్యాప్‌టాప్ చూసి అదిరిపడింది.

"ఏంటమ్మా ఇది! ఒక్క అప్‌డేటూ చేయలేదా?"

"చేస్తే మూసుకుపోతుందే."

"నా పనిముట్లతో ఒకసారి పరీక్షించి చూపించనా? అప్పుడు గానీ నీకు బుద్ధి రాదు."

"చూసుకో. నా దాంట్లో వజ్రాలున్నాయా వైడూర్యాలున్నాయా" అన్నాను.

అది హాల్లో తన కంప్యూటర్ పట్టుకుని కూర్చుంది. నా ల్యాప్‌టాప్ వంటింటి గట్టు మీద పెట్టి, దానికొక లింకు పంపి తెరవమంది. తెరిస్తే చామంతి పూలు వచ్చాయి. ఇంకేమీ నొక్కలేదు, చూస్తూ నిలబడ్డాను.

"ఇంతేనా నీ విద్య? పూలు బజార్లోనూ దొరుకుతాయి" అని వంటింట్లోంచే ఎత్తిపొడిచాను.

హాల్లోంచి చదవడం వినబడింది. "'ఫాల్ కుట్టే చెల్లి. కుడి కన్ను మసక. షాపులో తెలిస్తే పని మాన్పిస్తారు…' అమ్మా, ఏంటిది?"

గరిటె చేతిలోనే ఉండిపోయింది. ఆ మాటలు నేను తలుపేసుకుని చెప్పినవి. గోడ అవతల నుంచి, నా గొంతులో కాకుండా, ఇంకొకరి గొంతులో వినబడుతున్నాయి.

"ఆపవే!" అని అరిచాను.

అది అప్పటికే ఆపేసింది. తన ముఖమూ పాలిపోయింది. మా వీధిలో ఫాల్ కుట్టేది ఒక్కరే, దీని చీరలూ ఆవిడ దగ్గరికే వెళతాయి. "ఊరికే మొదటి వరస చదివానమ్మా. ఇలాంటివి ఉంటాయని అనుకోలేదు" అంది.

"పూలు చూస్తే ఇవెలా వచ్చాయే నీ దగ్గరికి?"

"బ్రౌజర్ ప్రతి పనికీ మెమరీలో ఒక గది తీసుకుంటుంది. పనయ్యాక ఖాళీ చేస్తుంది. పాత బ్రౌజర్‌కి ఖాళీ చేసిన సంగతి ఒక్కోసారి గుర్తుండదు. ఈలోగా ఆ పూల పేజీ నా సరుకు ఆ గదిలో దింపింది. బ్రౌజర్ తన సామానే అనుకుని వాడేసింది. ఇక అది నేను చెప్పినట్టల్లా ఆడింది."

"నీకంటే ముందు ఎవరన్నా దూరారా?"

"ఆనవాళ్లయితే కనబడలేదు. రాలేదని మాత్రం చెప్పలేను."

పప్పు అడుగంటిన వాసన వచ్చాక గానీ పొయ్యి కట్టేయలేదు.

అప్‌డేట్ చేయించి, మధ్యాహ్నం ఆ ఫాల్ కుట్టే చెల్లెలి ఇంటికి వెళ్లాను. "వందనాలక్కా, రండి" అని పీట వేసింది. ఒళ్లో చీర పెట్టుకుని కుడుతోంది. దాచకుండా అంతా చెప్పాను. సూది ఆగిపోయింది.

"మీ అమ్మాయి చదివేసిందా?"

"రెండు ముక్కలు. ప్రాణం పోయినా ఎవరికీ చెప్పదమ్మా."

"మీరూ అట్లాగే అన్నారు గదక్కా."

ఆమె పంటితో దారం తెంపింది.

"కంపెనీలోళ్ల దగ్గర సంతకం తీసుకుంటదన్నారు గదా మీ అమ్మాయి. నా దగ్గర ఎవరు తీసుకున్నారు?"

"నేనే చూసుకోమన్నానమ్మా."

"చూసుకోమనడానికి మీరెవరక్కా? కన్ను నాది."

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. దొంగలు రాకుండా చూసుకోవాలన్న ధ్యాసే తప్ప, మా ఇంట్లో మేమే చేసింది ఏమిటో ఆ మాట వినేదాకా నాకు తోచలేదు.

"నీది చెరిపేయించానమ్మా" అన్నాను.

"మిగతావాళ్లకి చెప్పారా?"

"లేదు. ముందు నీ దగ్గరికే వచ్చాను."

"అందరికీ చెప్పండి. ఒక్కొక్కరి గడప దగ్గరికీ పోయి చెప్పండి, కూడికలో అందర్నీ కూర్చోబెట్టి కాదు. మా పక్కింటావిడతో మొదలెట్టండి, ఆవిడా కూడికకొచ్చేదే గదా. ఆవిడ నాకంటే బాగా తిడుతుంది."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. దారం కొస తడిచేసి, సూదిని ఎడమ కంటి దగ్గరికి తెచ్చుకుంది. ఒకసారి తప్పింది, రెండోసారీ తప్పింది. నేను చెయ్యి చాచాను. సూది ఇవ్వలేదు. మూడోసారి ఎక్కేదాకా అక్కడే నిలబడి, తర్వాత పక్కింటి గేటు తీశాను.