లాగి చూసే మామయ్య

మా మేనమామకి కనిపించినదాన్నల్లా లాగి చూసే జబ్బు ఉంది. జబ్బు అనే మాట మా అత్తయ్యది. ఆయన మాత్రం దాన్ని వృత్తిధర్మం అంటాడు. ఆయన ఉద్యోగం ఊరి బయట ఉన్న స్కైడైవింగ్ మైదానంలో. పారాచూట్లు మడవడం, కుట్టడం, విమానం ఎక్కబోయే ప్రతి మనిషి ఒంటిమీద పట్టీలు సరిచూడటం ఆయన పని. అక్కడ లాగి చూస్తే ఎవరూ కాదనరు. కానీ మైదానం గేటు దాటాక కూడా ఆ చెయ్యి ఊరుకోదే. బస్సెక్కితే పైన వేలాడే పట్టీ, బ్యాంకుకెళ్తే తలుపు పిడి, ఎవరింటికైనా వెళ్తే కిటికీ తెర. ముందు లాగుతాడు, తర్వాతే పలకరిస్తాడు.

వస్తువులతో ఆగినా బాగుండేది. మనుషుల్నీ వదలడు. ఒకసారి వీధిలో మా బడి హెడ్మిస్ట్రెస్ గారు ఎదురుపడితే, నమస్కారం పెట్టబోయి ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ పట్టీ లాగాడు. అది కాస్తా ఊడి ఆయన చేతికొచ్చింది. మామయ్య ఏమాత్రం తొణక్కుండా జేబులోంచి సూదీ దారం తీసి, ఎండలు ఎలా ఉన్నాయో, ఆవిడ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో అడుగుతూ నడివీధిలోనే కుట్టిచ్చాడు. ఆ బ్యాగు ఇప్పటికి నాలుగుచోట్ల చిరిగింది గానీ పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ కింద లెక్కల టీచరుగా పనిచేసే నేను మాత్రం ఆ నెలంతా స్టాఫ్ రూములో తలెత్తుకోలేకపోయాను.

అలాంటి మనిషి చేతుల్లో పడకుండా తప్పించుకోవలసింది పోయి, నేనే వెళ్ళి పడ్డాను. రెండేళ్ళపాటు ఆ మైదానంలోని క్లబ్బువాళ్ళ పారాచూట్లతో అందరిలాగే బోర్లా దూకి, ముప్ఫైనాలుగో ఏట ఫ్రీఫ్లై నేర్చుకోవాలని పట్టుపట్టాను. ఫ్రీఫ్లై అంటే గాల్లో బోర్లా పడకుండా, కూర్చుని, నిలబడి, చివరికి తలకిందులుగా కూడా పడటం. కూర్చోవడంతో మొదలుపెడతారు. కూర్చోవడం కూడా ఒక విద్యేనా, పదేళ్ళుగా స్టాఫ్ రూములో అదేగా చేస్తున్నాను అనుకున్నాను. తీరా చూస్తే లేని కుర్చీని నమ్ముకుని దర్జాగా కూర్చోవాలి. ఒక్క కాలు బిగిసిందంటే మనిషి బొంగరమే. "బిగుసుకోకు, బిగుసుకోకు" అని మా కోచ్ నాకు రోజుకి నలభైసార్లు చెప్పేది. వయసులో నాకన్నా చిన్నదే అయినా మేమందరం ఆమెని కోచక్క అనేవాళ్ళం.

విద్య రాకముందే సొంత సరంజామా కొనాలన్న ఉబలాటం వచ్చింది. ఎవరో అమ్మకానికి పెట్టిన పారాచూట్ బ్యాగు ఒకటి చూసి మనసు పారేసుకున్నాను. ఊదా రంగు, వీపు మీద ముచ్చటగా ఇమిడిపోయే బ్యాగు. లోపల పారాచూట్ కూడా చిన్నదే, చాలా చురుగ్గా తిరుగుతుందట. నాలుగు రోజులు చూసుకోమని ఇస్తే మామయ్య దగ్గరికి పట్టుకెళ్ళాను. "రంగు బాగుంది," అన్నాడు. ఆయన ఏదైనా బాగుందన్నాడంటే అసలు సంగతి వెనకాల వస్తోందని మా ఇంట్లో అందరికీ తెలుసు.

ముందు నన్ను తూకం వేశాడు. బూట్లతో, హెల్మెట్‌తో, బ్యాగుతో సహా, భోజనానికి ముందు ఒకసారి, భోజనమయ్యాక ఇంకోసారి. తర్వాత ఆ బ్యాగు నా వీపుకి తగిలించి, మడతల గదిలో దూలానికున్న కొక్కేలకి నన్ను వేలాడదీశాడు. కూర్చోమంటే గాల్లో కూర్చున్నాను. తొడల పట్టీలు జారి మోకాళ్ళ దగ్గరికి వచ్చాయి. తలకిందులు కమ్మంటే అయ్యాను. భుజాల పట్టీలు చెవుల దాకా వచ్చాయి. నేను అలా ఉండగానే ఆయన బ్యాగు అడుగునున్న జేబులో చిటికెన వేలు పెట్టి లాగాడు. పెద్ద పారాచూట్‌ని బయటికి లాక్కొచ్చే చిన్న పారాచూట్ ఉండేది ఆ జేబులోనే. అది టపీమని నేల మీద పడింది.

మామయ్య తీరిగ్గా కుర్చీ తెచ్చుకుని, నా తలకిందుల మొహానికి ఎదురుగా కూర్చున్నాడు.

"బోర్లా పడేవాడికి గాలి ఒక్క వైపు నుంచే కొడుతుంది అమ్మడూ. నీకు కాళ్ళ వైపు నుంచి, తల వైపు నుంచి, అన్ని వైపుల నుంచీ కొడుతుంది. వేగమూ ఎక్కువే. వదులుగా ఉన్నదాన్నల్లా గాలి పీకుతుంది. నువ్వు పిలవకుండానే పారాచూట్ వచ్చేసిందనుకో, ఆ వేగంలో నీ మెడ ఏమవుతుంది?"

"ముందు నన్ను దించు మామయ్యా."

"అర్థమైందని చెప్పు, దించుతాను."

అర్థమైంది. ఊదా రంగు బ్యాగు సొంతదారుకి తిరిగి వెళ్ళిపోయింది. మూడు వారాలు వెతికి మామయ్య నాకు ఇంకోటి ఖాయం చేశాడు. దాని రంగుకి పేరు లేదు. తడిసిన సిమెంటు చూసినవాళ్ళకి కొంత అర్థమవుతుంది. కానీ ఒంటికి అతుక్కుని ఉంటుంది, ఏ మూల లాగినా రాదు. కూర్చున్నప్పుడు జారకుండా రెండు తొడల పట్టీల్నీ సాగే తాడుతో కలిపాడు. హెల్మెట్‌లో చెవి దగ్గర, ఎత్తు తగ్గుతుంటే కూతపెట్టే యంత్రం పెట్టించాడు. తలకిందులుగా ఉన్నప్పుడు మణికట్టు మీద మీటరు చూసుకోవడం నా వల్ల కాదని ఆయన నమ్మకం. లోపల పారాచూట్ మాత్రం దుప్పట్లు ఉతికి ఆరేసినంత పెద్దది. నేను మొహం ముడుచుకుంటే, గాల్లో ఎన్ని గొప్పలైనా పో, నేలకి దిగేటప్పుడు మాత్రం మెల్లగా దిగు అన్నాడు.

ఇక్కడితో కథ సుఖాంతం కావలసింది. కానీ మామయ్య కొన్నది బాగుందని మామయ్యే ఒప్పుకోవాలంటే కష్టం. ఎగిరే ముందు అందర్నీ వరసగా నిలబెట్టి పట్టీలన్నీ చూస్తాడు. అన్నీ అయ్యాక భుజం పట్టీ పట్టుకుని ఇంకోసారి లాగుతాడు. అప్పుడప్పుడూ ఉన్నట్టుండి, "ఈ కుట్టు నాకు నచ్చలేదు, ఇవాళ వద్దు," అంటాడు. ఇక ఆ మనిషి ఎంత మొత్తుకున్నా ఆ రోజుకి అంతే. మాతో ఎగిరే పళ్ళ డాక్టరుగారికి ఒక్క ఏడాదిలో మూడు ఆదివారాలు అలా పోయాయి. ఆయన ఆరడుగుల మనిషి, గొంతు దానికి తగ్గట్టే ఉంటుంది. అత్తయ్య నడిపే క్యాంటీన్‌లో కూర్చుని, ఈ ముసలాయనకి చూపు ఆనడం లేదు, ఆయన కుట్లు ఆయనకే నచ్చడం లేదు అని గంటసేపు తిట్టేవారు. అత్తయ్య ఆయనకి టీ పోస్తూ, నిజమే డాక్టరుగారూ, ఇంట్లోనూ ఇంతే అనేది.

ఆ ఏడాది చివరి ఆదివారానికి కోచక్క ఒక నలుగురి జంప్ పెట్టింది. నలుగురు విమానంలోంచి దూకి, గాల్లో కూర్చున్న భంగిమలోనే గుండ్రంగా చేతులు పట్టుకోవాలి. ఆమె, పళ్ళ డాక్టరు, ఒక ఫైరింజన్ డ్రైవరు, నాలుగో చోట నేను. ఆ తర్వాత విమానం ఆరు నెలలు మరమ్మతుకి పోతుంది. నాలుగో చోటు కోసం ఇంకో ఇద్దరు కాచుకుని ఉన్నారు. ఆ చోటు నాకెంత కావాలో చెప్పలేను. బడిలో ఆరో తరగతి పిల్లలకి కూడా చెప్పేశాను.

దానికి వారం ముందు శనివారం సాయంత్రం నాకు చెడ్డ జంప్ పడింది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే తిరగబడ్డాను. ఎటు నేలో ఎటు ఆకాశమో తెలియలేదు. చెవిలో యంత్రం కీచుమంటోంది, నేనింకా గిరికీలు కొడుతున్నాను. ఎలాగో నిలదొక్కుకుని పారాచూట్ తెరిచి దిగాను. ఎలా ఉందని కోచక్క అడిగితే బ్రహ్మాండం అన్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. భయంగా ఉందని చెబితే చోటు పోతుంది. చెప్పకపోతే పొద్దున్నే మళ్ళీ దూకాలి.

ఆదివారం పొద్దున వరసలో నిలబడి తెగ వాగాను. జోకులేశాను. మామయ్య పట్టీలన్నీ చూశాడు, భుజం పట్టుకుని లాగాడు, ఒక్క క్షణం ఆగి, "ఎడమ భుజం కుట్టు నాకు నచ్చలేదు. ఇవాళ వద్దు," అన్నాడు.

నేను చేసిన రభస ఇంతా అంతా కాదు. సొంత మేనకోడలికి కూడా దయ లేదా అన్నాను. నా అభ్యాసమంతా పాడుచేస్తున్నావన్నాను. మైదానమంతా వినిపించేలా అన్నాను. తర్వాత క్యాంటీన్ వెనక్కి వెళ్ళి ఖాళీ డ్రమ్ము మీద కూర్చుంటే, ప్రాణం లేచొచ్చింది. అంత హాయిగా నేనెప్పుడూ కోపం తెచ్చుకోలేదు.

మధ్యాహ్నం ఆ కుట్టు సంగతి తేల్చుకుందామని మడతల గదికి వెళ్ళాను. నా బ్యాగు కొక్కేనికి అలాగే ఉంది. ఎడమ భుజం కుట్టు నేను చూశాను. పట్టుకుని వేలాడాను కూడా. అది ఏనుగుని కట్టినా ఆగేలా ఉంది. ప్రతి బ్యాగుకీ ఒక కార్డు ఉంటుంది. దొరికిన లోపం, చేసిన మరమ్మతు, తారీఖుతో సహా మామయ్య రాయాలి. నా కార్డు మీద ఆ రోజు తారీఖున ఏమీ లేదు. డాక్టరుగారి బ్యాగు పక్కనే ఉంది కాబట్టి ఆ కార్డూ తీసి చూశాను. ఆ మూడు ఆదివారాల్లో ఒక్కదానికీ ఏమీ లేదు.

మామయ్య నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని ఎవరిదో పారాచూట్ మడుస్తున్నాడు.

"కుట్టు బాగాలేదన్నావు, కార్డులో రాయలేదేం మామయ్యా?"

"కార్డులో అబద్ధం రాయకూడదు," అన్నాడు తలెత్తకుండా. "నోటితో చెప్పడానికి నియమమేమీ లేదు."

ఆ తర్వాత నేను అడగ్గా అడగ్గా కొంచెం కొంచెంగా బయటపెట్టాడు. పట్టీలు చూడటానికి రెండు నిమిషాలు చాలట. చివర్న భుజం లాగేది పట్టీ కోసం కాదట.

"లాగితే మనిషి కాస్త ఊగాలి అమ్మడూ. ఊగాడంటే బాగున్నాడన్నమాట. గుంజలాగా నిలబడిపోయాడంటే లోపల బిగుసుకుపోయాడు. అలాంటివాడు పైన తిరగబడతాడు. 'నీకు భయంగా ఉంది, దిగు' అని పదిమందిలో అంటే ఎవరు దిగుతారు? కుట్టు బాగాలేదంటే నన్ను తిట్టుకుంటూ దిగుతారు."

"మరి వీధిలో వాళ్ళనీ, హెడ్మిస్ట్రెస్ గారినీ ఎందుకు లాగుతావు?"

"వాళ్ళు మాత్రం మనుషులు కారా? ఆవిడ ఆ రోజు ఎంత బిగుసుకుని ఉందో నీకేం తెలుసు. కుట్టేలోపు మోకాళ్ళ నొప్పుల గురించి అంతా చెప్పుకుంది, పాపం."

సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఆయన పక్కన కూర్చుని మడతలకి ఒక కొస పట్టుకున్నాను. ఇంతకాలం ఆయన్ని చూసి నవ్విన మా అందరి మీదా నాకు జాలేసింది. శనివారం జంప్ సంగతి అప్పుడు మొత్తం చెప్పాను. విన్నాడు. వారమంతా సాయంత్రాలు ఒంటరిగా తేలిక జంపులు చెయ్యి, కోచక్కకి నిజం చెప్పు, ఆమె నిన్ను కొరుక్కుతినదు అన్నాడు. చెప్పాను. ఆమె కొరుక్కుతినలేదు. అలాంటి జంపులు తనకి పదకొండు ఉన్నాయని, లెక్క పెట్టుకుని మరీ చెప్పింది. చోటు నాదే అంది.

మరుసటి శనివారం క్యాంటీన్‌లో డాక్టరుగారు మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన మొహం నేను మొదటిసారి సరిగ్గా చూశాను. తిడుతుంటే ఎంత తేలికపడుతున్నారో పాపం. నేనూ కుర్చీ లాక్కుని, మామయ్యకి చూపు ఆనడం లేదండీ, మా ఇంట్లో అందరికీ తెలుసు అని గొంతు కలిపాను. పక్క బల్ల దగ్గర మామయ్య టీ తాగుతూ ఆ తిట్లన్నీ తృప్తిగా విన్నాడు.

చివరి ఆదివారం రానే వచ్చింది. వారమంతా జంపులు బాగానే జరిగాయి. అయినా వరసలో నిలబడేసరికి నోరు ఎండిపోయింది. మామయ్య డాక్టరుగారిని చూశాడు, సరే అన్నాడు. డ్రైవరుని చూశాడు, సరే అన్నాడు. నా దగ్గరికి వచ్చాడు. తొడల పట్టీలు, తాడు, అడుగు జేబు, ఛాతీ పట్టీ అన్నీ చూశాడు. నేను ఆయన చెవిలో చెప్పాను.

"మామయ్యా, ఎడమ భుజం కుట్టు ఒకసారి చూడవూ? నాకెందుకో అనుమానంగా ఉంది."

ఆయన భుజం పట్టుకుని లాగాడు. నేను ముందుకీ వెనక్కీ ఊగాను. మళ్ళీ లాగాడు. మళ్ళీ ఊగాను.

"దీంట్లో ఏ లోపమూ లేదు," అన్నాడు మామయ్య, అందరికీ వినిపించేలా. తర్వాత మెల్లగా, "భయం ఉంటుంది. ఉండనీ. నువ్వు బిగుసుకోలేదు. వెళ్ళు," అన్నాడు.

వెళ్ళాను. తలుపు దగ్గర కోచక్క తలూపింది, నలుగురం దూకాం. గాలి కాళ్ళ కిందనుంచి తోస్తుంటే దాని మీద కూర్చున్నాను. ఎదురుగా డాక్టరుగారు, పక్కన కోచక్క చెయ్యి, ఇటుపక్క డ్రైవరు చెయ్యి. ఒకరినొకరం పట్టుకున్నాం. నలుగురం గుండ్రంగా, ఎవరింట్లోనో ముచ్చట్లకి కూర్చున్నంత కుదురుగా కూర్చున్నాం. డాక్టరుగారు పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. తర్వాత కోచక్క హెల్మెట్ కెమెరాలో వీడియో చూసి లెక్కపెడితే ఆరు సెకన్లు తేలింది.

నా దుప్పట్లంత పారాచూట్ నన్ను మెల్లగా తెచ్చి గడ్డిలో దింపింది. దిగేవాళ్ళ కోసం ఎప్పుడూ మడతల గది దాటి రాని మామయ్య మైదానం మధ్యదాకా ఎదురొచ్చాడు. పారాచూట్ గుడ్డంతా చేతుల్లోకి పోగుచేసుకుంటూ, ఎలా జరిగిందని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. గదిదాకా నడుస్తూ చెప్పాను, గదిలో కూర్చుని చెప్పాను, అత్తయ్య టీ తెస్తే మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఆరు సెకన్ల సంగతి చెప్పడానికి నాకు అరగంట పట్టింది. ఆయన మడత పక్కన పెట్టేసి మొత్తం విన్నాడు.