పాత ఏడాది పంపు

టాటానగర్ స్టేషన్లో దిగేసరికి ఉదయం ఐదు నలభై. ఏప్రిల్ నెల. ఆ పొద్దుటికే ప్లాట్‌ఫాం వెచ్చగా ఉంది. నా దగ్గర నల్ల ట్రంకు పెట్టె, హోల్డాల్, సొంత పానాల సంచి. స్టేషన్ దాటి బాగ్‌బేరా వైపు, యార్డు అంచున ఒక పాత ఇటుక గది, రెండు గుడారాలు. నాతో కలిపి పదకొండు మంది. అదే మా డిటాచ్‌మెంట్.

యుద్ధం చూశావా అని మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. ఎనభైల మొదట్లో నేను చేసిన ఆ డ్యూటీలో ఒక్క తూటా కూడా పేలలేదు. అయినా ఒక మనిషి కాలు పోయింది. తీసింది శత్రువు కాదు. అందుకే ఇది చెప్పాలి.

టాటానగర్‌లో ట్రక్కుల కార్ఖానా ఉంది. అక్కడ తయారైన మిలిటరీ ట్రక్కుల్ని తీసుకోవడం, పరీక్షించడం, రైలు వ్యాగన్ల మీద ఎక్కించి పంపడం మా పని. కార్ఖానాకీ యార్డుకీ మధ్య కాగితాలు మోయడానికి ఒక రైడర్ ఉండేవాడు. అల్మోరా కొండల వాడు. ఇరవై మూడేళ్లు, లాన్స్ నాయక్. అతని మోటారు సైకిలు, మూడు వందల యాభై సీసీది, ఇంజన్ పట్టేసి టార్పాలిన్ కింద పడి ఉంది. తొమ్మిది కిలోమీటర్ల దూరం, రోజుకి మూడుసార్లు, సైకిలు తొక్కుకుంటూ తిరుగుతున్నాడు.

సుబేదార్ సాబ్ నా కాగితాలు చూశాడు. "నువ్వేనా మెకానిక్కువి? పదిహేను రోజులు. బండి రోడ్డెక్కాలి."

ఇంజన్ మొత్తం విప్పాను. డ్యూటీ లేనప్పుడు రైడర్ నా పక్కన గొంతుక్కూర్చుని ప్రతి భాగాన్నీ కిరోసిన్లో కడిగి ఇచ్చేవాడు. "ఉస్తాద్, ఇదేం చేస్తుంది? ఇది లేకపోతే ఏమవుతుంది?" అని అడిగేవాడు. చెప్పేవాణ్ణి. పిస్టన్ బాగుంది. సిలిండర్ తోమితే చాలు. నూనె పంపు మాత్రం పగిలిపోయింది. కొత్తది కావాలని రాసిచ్చాను. తొమ్మిదో రోజున వచ్చింది.

రంగు కొంచెం తేడాగా కనిపించింది. స్టోర్ కీపర్‌ని అడిగాను. "ఇది మన ఏడాది మోడల్‌దేనా?"

"ట్యాగ్ మీద నంబరు చూడు. కెప్టెన్ సాబ్ సంతకం చూడు. బిగించడం నీ పని, అడగడం కాదు."

కంపెనీ నుంచి వచ్చిన సరఫరా కాదది. ఎవరో కాంట్రాక్టరు ఇచ్చింది. దాని కాగితం మీద మా డిటాచ్‌మెంట్ కెప్టెన్ 'సరిసమానం' అని రాసి సంతకం పెట్టాడు. బోల్టు కన్నాలు సరిగ్గా కలిశాయి. బిగించాను. పగిలిన పంపునీ దీన్నీ పక్కపక్కన పెట్టి కొలవలేదు. పది నిమిషాల పని అది. ఆ పది నిమిషాలు నేను పెట్టలేదు.

ఆరు వారాలు బండి బాగానే నడిచింది. జూన్ నెలలో వాన ఇంకా పడలేదు. రోడ్డు మీద తారు మెత్తబడి టైర్లకి అంటుకునే ఎండ. పదకొండూ ఇరవైకి కార్ఖానా గేటు నుంచి రేడియోలో అడిగారు.

"యార్డ్, మీ రైడర్ బయల్దేరాడా? ఓవర్."

"పదకొండుకే బయల్దేరాడు. ఓవర్."

"ఇక్కడికి రాలేదు. ఓవర్."

దారిలో గోల్‌మురి పేట దగ్గర దొరికాడు. వెళ్తున్న బండి ఇంజన్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెనక చక్రం తిరగడం మానేసింది. పడ్డాడు. వెనక వస్తున్న లారీ అతని కుడి మోకాలి కిందుగా ఎక్కింది. మూడో రోజున ఆసుపత్రిలో కాలు తీసేశారు.

అదే రోజు సాయంత్రం కెప్టెన్ రిపోర్టు టైపు చేయించాడు. 'అతివేగం. నిర్లక్ష్యం.' ఆ రెండు మాటలే. బండిని ఎవరూ చూడలేదు. రైడర్‌ని ఎవరూ అడగలేదు. ఆ రెండు మాటలూ నిలిస్తే అతని సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా పడుతుంది. గాయం డ్యూటీలో తగిలింది కాదవుతుంది, తన తప్పే అవుతుంది. కుంటుకుంటూ, దోషిగా ఇంటికి పోవాలి.

నేను ఇంజన్ విప్పాను. ట్యాంకులో నూనె నిండుగా ఉంది. కింద కనెక్టింగ్ రాడ్ లోపలి లోహపు కడియం, బుష్, మాత్రం నీలం నలుపుగా కాలి ఇరుసుకి అతుక్కుపోయింది. నూనె ఉంది. కావలసిన చోటికి చేరలేదు. పంపు చేతిలోకి తీసుకున్నాను.

ఆదివారం పంపుని సంచిలో వేసుకుని గోల్‌మురి వెళ్లాను. అక్కడ మా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన అప్పన్న అనే కార్ఖానా టర్నర్ ఉండేవాడు. డ్యూటీ అయ్యాక క్వార్టర్ వెనక పెరట్లో మోటారు సైకిళ్లు బాగుచేసేవాడు. ఆ పెరట్లో అదే కంపెనీ బళ్లు రెండున్నాయి. ఒకటి పాత మోడల్. ఒకటి మాలాంటిది, కొత్త మోడల్.

అప్పన్న నా పంపుని అటూ ఇటూ తిప్పాడు. "ఇదెక్కడిది నాయుడు బాబూ?"

"కొత్త బండికి స్టోరోళ్లు ఇచ్చిందే మావయ్యా."

"కొత్త బండికా! దీన్నా? ఉండు, సూపిత్తాను."

రెండు బళ్ల పంపులూ ఊడదీశాడు. గోనెసంచి మీద మూడూ వరసగా పెట్టాడు. పైకి మూడూ ఒకేలా ఉన్నాయి. వెర్నియర్ కొలబద్దతో లోపలి కన్నం కొలిచాం. మా పంపు, పాత బండి పంపు ఒకటే కొలత. కొత్త బండిది మిల్లీమీటరున్నర పెద్దది.

"పాత బండిలో రాడ్డు కింద రోలర్లుంటాయి బాబూ. సుక్క నూనె సాలు. కొత్త దాన్లో బుష్ ఎట్టినారు. బుష్‌కి నూనె జాస్తీ కావాల. అందుకే పంపు పెద్దది సేసినారు. బయట బోల్టులు మాత్రం మార్సనేదు. దగా సెయ్యాలనుకున్నోడికి అదే వీలు."

"దగా అని ఎందుకంతన్నావు? పొరపాటేమో?"

అప్పన్న పాత బండి పంపుని నా ముందుకు జరిపాడు. పాత పంపు మీద ఏడాదిని తెలిపే అక్షరం ఉబ్బెత్తుగా కనబడుతోంది. మా పంపు మీద సరిగ్గా ఆ చోట రంగుని బ్లేడుతో గీకాడు. కింద ఆకురాయి గీతలు. ఎవడో ఆ అక్షరాన్ని రాకేసి, పైన రంగు పూసి, కొత్త ట్యాగ్ కట్టాడు.

"సేసినోడు ఎరికనే సేసినాడు. ఇది గల్తీ కాదు."

మిగతా రెండు పంపుల్నీ నా వెంట పంపిస్తావా అని అడిగాను. ఆ బళ్లు గిరాకీలవి. "తీస్కెళ్లు. ఆళ్లకి నాను సెప్పుకుంతాను" అన్నాడు.

విచారణ మా ఇటుక గదిలోనే. రాంచీ నుంచి ఒక మేజర్ వచ్చాడు. లోపలికి వెళ్లేముందు కెప్టెన్ నన్ను పక్కకి పిలిచాడు.

"పంపు తప్పని అంటావా? బిగించింది ఎవరు?"

"నేనే సాబ్."

"మరి ఆలోచించుకో. అతని కాలు ఎలాగూ తిరిగి రాదు. నీ ఉద్యోగం ఎందుకు పోగొట్టుకోవడం?"

ఆ మాట ఇన్నేళ్లయినా నా చెవిలో మంటే. కాలు తిరిగి రాదు కాబట్టి అబద్ధం చెప్పమంటాడు. అంత మర్యాదగా, నా మేలు కోరినట్టు.

లోపలికి వెళ్లి చెప్పాను. "సాబ్, పంపు బిగించింది నేను. కొలవకుండా బిగించాను. రైడర్ తప్పు లేదు." మెస్ నుంచి రెండు టీ గ్లాసులు తెప్పించి బల్ల మీద పెట్టాను. మా పంపుని నూనె డబ్బాలో ముంచి చేత్తో ఇరవై చుట్లు తిప్పాను. గ్లాసు అడుగు తడిసింది. కొత్త బండి పంపుని ఇరవై చుట్లు తిప్పాను. రెండో గ్లాసులో వేలెడు నూనె నిలిచింది.

మేజర్ నా చేతిలోంచి పంపులు తీసుకున్నాడు. తనే మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. ఆకురాయి గీతల మీద గోరు ఆనించి చూశాడు. కెప్టెన్ వైపు చూసి ఒక్కటే అడిగాడు. "దీన్ని సరిసమానం అని రాసింది మీరేనా?"



తీర్పు నెల తర్వాత వచ్చింది. రైడర్ తప్పు లేదు, గాయం డ్యూటీలో తగిలింది. ఆ వాక్యం నేను మూడుసార్లు చదివాను. ఆ తర్వాతి వాక్యాలు కూడా చదివాను. అక్షరం రాకేసిన కాంట్రాక్టరు ఎవరో తేలలేదట. స్టోర్ కీపర్‌కి బదిలీ. కెప్టెన్‌కి 'ఇకపై జాగ్రత్తగా ఉండవలెను' అని ఒక హెచ్చరిక. తర్వాత అతను మేజర్ అయ్యాడని కూడా విన్నాను. నా పుస్తకంలో ఎర్ర సిరా పడింది, తనిఖీ చేయకుండా భాగం బిగించినందుకు. అది న్యాయమే. నా మీద పడిన సిరాకి నాకు కోపం లేదు. ఇంతమంది చేతులు మారి వచ్చిన ఆ ఇనప ముక్కకి ఒక్క పుస్తకంలోనే ఎర్ర సిరా పడినందుకు కోపం.

అప్పన్నకి అతని పంపులు తిరిగిచ్చేటప్పుడు సంగతంతా చెప్పాను. "ఆడెవడో తేలనేదా? మన పెరట్లో గంటలో తేలింది గదా, ఆళ్లకి నెల సాల్నేదా?" అన్నాడు.

అక్టోబరులో నా టూర్ అయిపోయింది. దారిలో రైలు మారి, మెయిలెక్కి పలాసలో దిగాను. మా అమ్మ నా భుజాలు తడిమి, చెక్కు చెదరకుండా వచ్చావు అని సంతోషించింది. నేను తలూపాను.

నాకంటే పది రోజుల ముందు రైడర్ ఇంటికి వెళ్లాడు. ఆసుపత్రి నుంచి వచ్చి ప్రభుత్వ సామాను అంతా లెక్క ప్రకారం అప్పగించాడు. కుడి బూటు కూడా బల్ల మీద పెట్టాడు. "ఇది నాకు అక్కర్లేదు, జమ చేసుకోండి" అన్నాడు. కొత్త స్టోర్ కీపర్ రిజిస్టరు తిప్పి చూసి, బూట్లు జతగా అయితేనే జమ చేసుకుంటాం, ఒక్కటి తీసుకునే పద్ధతి లేదు అన్నాడు. రైడర్ వాదించలేదు. ఎడమ కాలికి చెప్పు వేసుకుని, బూట్లు రెంటినీ లేసులతో కలిపి ముడేసి మెడలో వేసుకున్నాడు.

టాటానగర్ ప్లాట్‌ఫాం మీద చంకకర్రలు ఆనించుకుని నిలబడ్డాడు. బూట్లు ఛాతీ మీద వేలాడుతున్నాయి. ఆ ఉదయమే రెండింటికీ పాలిష్ పెట్టాడు. రెండూ ఒకేలా మెరుస్తున్నాయి.